మా వరుస కూడా రాయండి

పోయినేడు మే నెలలో మా నూజివీడుకి ఆడపిల్లల రాష్ట్రస్థాయి కబడ్డీ పోటీలు వచ్చాయి. మే నెల అనగానే బయటివాళ్లకి బడి సెలవులు గుర్తొస్తాయి. తేదీలు వేసినవాళ్లు కూడా ఆ లెక్కే చూసి ఉంటారు. పరీక్షలు అయిపోయాయి, పిల్లలకి తీరిక, ఆటలు పెట్టుకోవచ్చు. మాకు మాత్రం మే నెలలో ఖాళీగా ఉండేది ఏదీ లేదు. లారీ ఖాళీ ఉండదు, మనిషి ఖాళీ ఉండడు, ఆఖరికి ఇంట్లో పడుకునే గది కూడా ఖాళీ ఉండదు. నడిమి గదిలో వరిగడ్డి పరిచి, దాని మీద కాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి తలుపు దగ్గరగా వేసేస్తాం. కాయ మాగేదాకా ఆ గది కాయలదే. ఇంట్లోవాళ్లు వరండాలో పడుకుంటారు.

అలాంటి నెలలో పదహారు జట్లు వస్తున్నాయన్నారు. ఊళ్లో చెప్పుకోదగ్గ లాడ్జిలు రెండో మూడో ఉన్నాయి. వాటిలో సీజన్ మొదలయ్యేనాటికే ఉత్తరాది వ్యాపారులు దిగి ఉంటారు. బడుల్లో ఉంచుదామంటే ఆడపిల్లలకి స్నానాల గదులు చాలవు. అందుకని జట్లని ఊరివాళ్ల ఇళ్లలోనే ఉంచాలని కమిటీ తీర్మానించింది. ఇళ్ల జాబితా రాసే పని నాకు అప్పగించారు. ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికల్లో పనిచేసి ఇంటికొచ్చినవాణ్ణి కదా, ఊళ్లో ఏ కమిటీ వేసినా కాగితం, కలం నా ముందుకి జరుపుతారు. అది గౌరవమో, వేరే పనికి పనికిరాననో నాకు ఇంతవరకూ తేలలేదు.

కమిటీకి పెద్ద ఒక మామిడి షావుకారు. రెడ్డిగూడెం వైపు తోటలు పూత మీదే గుత్తకి తీసుకుంటారు. ఊరి గ్రౌండు పక్కనే ఆయన షెడ్డు ఉంది. తోటల నుంచి వచ్చిన కాయని అక్కడే ఏరి, ట్రేలకెత్తి, లారీలకి ఎక్కిస్తారు. ఆయనకి కబడ్డీ అంటే ప్రాణం. కుర్రతనంలో ఆడి మోకాలు విరగ్గొట్టుకున్నారు. పోటీలు ఈ ఊరికి రావడానికి తిరిగింది ఆయనే.

గ్రౌండుకి తూర్పున ప్రహరీ గోడ ఉంది. ఆ గోడకి ఆనుకుని తొమ్మిది రేకుల ఇళ్లు ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట బాపులపాడు వైపు నుంచి సీజన్ పనికి వచ్చి, సీజన్ అయ్యాక కూడా ఉండిపోయినవాళ్లవి. మగవాళ్లు లారీలకి ఎత్తుతారు, ఆడవాళ్లు కాయలు ఏరతారు. ఆ ఏరే ఆడవాళ్లకి మేస్త్రి ఒకావిడ. వరుసలో మూడో ఇల్లు ఆవిడది. భర్త పోయాడు. కూతురికి పెళ్లి చేసి మైలవరం పంపింది. ఆ ఇల్లు తప్ప ఆవిడకి ఇంకేమీ లేదు. ఊళ్లో అందరూ మేస్త్రమ్మ అనే పిలుస్తారు. ఏటా మా ఇంట్లో కాయలు గడ్డిలో వేసిపెట్టేది ఆవిడే. మా ఆవిడ వేస్తే సగం మాగి సగం కుళ్లుతాయి. మేస్త్రమ్మ చేత్తో వేస్తే పైనున్నది, అడుగునున్నది ఒకే రోజు పండుతాయి.

కమిటీ నాకు జాబితా అప్పగించిన మర్నాడు ఆవిడ మా నడిమి గదిలో గడ్డి సర్దుతూ ఉంది. నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని జాబితాకి గీతలు గీసుకుంటున్నాను.

"బాబాయిగారూ, మీ కమిటీవాళ్లు మా వరుస ఖాళీ చెయ్యమన్నారండి. జనం కూర్చోడానికి గ్యాలరీ కడతారంట అక్కడ. పదిహేను రోజులే, తర్వాత మళ్లీ వచ్చి వేసుకోండి అన్నారు" అంది.

ఆ సంగతి నాకు తెలుసు. మినిట్స్ రాసింది నేనే కదా.

"పదిహేను రోజులంటే ఎన్ని రోజులండీ?" అని అడిగింది.

మా ఆవిడ వంటింట్లోంచి, "పదిహేను రోజులంటే పదిహేను రోజులే కదే" అంది.

"మీకు అంతేనండి పిన్నిగారూ. మాకు లెక్క వేరుగా ఉంటది."

డెస్కులో ఉన్నప్పుడు 'తాత్కాలికంగా' అన్న మాట ఉన్న వార్తలు చాలా దిద్దాను. తాత్కాలికంగా సంత మార్చారు, తాత్కాలికంగా చేపల బజారు ఊరి చివరకి తరలించారు. వాటిని తిరిగి పాత చోటికి తెచ్చారన్న వార్త దిద్దిన గుర్తు లేదు. కమిటీలో ఆ మాట వచ్చినప్పుడు నేను తల వంచుకుని రాసుకున్నాను. ఇప్పుడు ఆవిడ నా మొహం చూస్తూ అడిగింది.

"నాకు తెలిసినంతలో, ఒకసారి రేకులు విప్పితే మళ్లీ వెయ్యనివ్వరమ్మా" అన్నాను.

ఆవిడ చేతిలో కాయని తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, పక్కకి తిప్పి గడ్డిలో పెట్టింది. "నేనూ అదే అనుకున్నానండి" అంది. పని ముగించి, చేతులకంటిన సొన కడుక్కుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇళ్ల కోసం తిరిగాను. ఊరివాళ్లు ఇవ్వనన్నది లేదు. ఇవ్వడానికి గది ఉండాలి కదా. ఒక రైతు ఇంటికి వెళ్తే ఆయన భార్య నన్ను గది గదికీ తిప్పి చూపించింది.

"ఇందులో బంగినపల్లి ఉందండి అన్నయ్యగారూ. ఇందులో రసాలు. మేడ మీద పచ్చడి కాయ. ఎంతమంది అన్నారు?"

"పన్నెండుమంది పిల్లలు, వాళ్ల కోచ్."

"పదమూడు మంది. మరి ఈ కాయల్ని ఎక్కడ పడుకోబెట్టను?"

ఆయన అరుగు మీద నుంచి, "పిల్లల్నే పెట్టుకో. కాయలు నీతో కబుర్లు చెబుతాయా ఏంటి" అన్నాడు.

"కాయలు టిఫినూ అడగవు, మీలాగా మూడుసార్లు కాఫీ అడగవు" అని ఆవిడ నాకు కాఫీ తెచ్చింది. ఒక గది ఖాళీ చేసి, బంగినపల్లిని గొడ్ల సావిట్లోకి మార్చి, ఆరుగురు పిల్లలకి చోటిచ్చారు. మిగతా ఆరుగురికి పక్కింటివాళ్లు ఇచ్చారు. అలా ఇంటికి ఆరుగురు, నలుగురు చొప్పున సర్దుకుంటూ వచ్చాను. తమ ఏడాది పంటని పశువుల కొట్టంలోకి మార్చి, ముక్కూ మొహం తెలియని పిల్లలకి గదులిచ్చినవాళ్లని ఆ నాలుగు రోజుల్లో చాలామందిని చూశాను.

అందరూ అలా లేరు. గ్రౌండుకి దగ్గరగా డాబాలున్న కొందరికి వేరే ఆలోచన వచ్చింది. అధికారులూ అంపైర్లూ వస్తారు, వాళ్లకి అద్దెకిస్తే బాగుంటుంది అనుకున్నారు. ఒకాయన తన మేడ మీద ఆరేళ్లుగా ఉంటున్న నర్సుని, "ఒక నెల వేరే చూసుకోమ్మా" అన్నాడు. ఆవిడ సామాను ఆటోలో వేసుకుని ఊరి ఆ చివరకి వెళ్లింది. పోటీలు అయ్యాక తిరిగి వస్తే అద్దె పెంచి చెప్పాడు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ మేడ మీద చాలాకాలం ఎవరూ చేరలేదు కూడా. ఆటలు ఊరికి వస్తే గ్రౌండు ఒక్కటే చదును కాదు, దాని చుట్టూ ఉన్న బతుకులు కూడా కదులుతాయని నాకు అప్పుడు తెలిసింది. అన్నేళ్లు స్పోర్ట్స్ పేజీ వార్తలు దిద్దినా తెలియలేదు.

ఇంత తిరిగినా రెండు జట్లకి ఇళ్లు తక్కువ పడ్డాయి. ఐదో రోజు పొద్దున మేస్త్రమ్మ మా ఇంటికి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పనేమీ లేదు.

"జాబితా అయిపోయిందా అండీ?"

"ఇంకా రెండు జట్లకి చోటు కావాలి."

"అయితే మా వరుస కూడా రాయండి."

నేను తలెత్తి చూశాను.

"తొమ్మిది ఇళ్లున్నాయి. ఇంటికి ముగ్గురు చొప్పున పడుకోవచ్చు. మేం బయట మంచాలేసుకుంటాం. రేకుల మీద తాటాకు కప్పాం, చల్లగానే ఉంటది. స్నానానికి తడికె గదులు మూడు కట్టిస్తానండి" అంది.

"కొట్టేస్తామన్న వరుస కదమ్మా. ఎలా రాయను?"

"కొట్టేస్తామని కాగితం మీద ఎక్కడన్నా రాశారా?"

రాయలేదు. నోటి మాటగా చెప్పించారంతే. మినిట్స్‌లో కూడా 'తూర్పు వైపు స్థలాన్ని సిద్ధం చేయాలి' అనే ఉంది. ఆ వాక్యం నాదే. అందులో ఇళ్లు అన్న మాట లేదు. అప్పుడు అలా రాయడం మర్యాద అనుకున్నాను. ఇన్నేళ్ల నా వృత్తిలో అలాంటి మర్యాదలు ఎన్ని చేశానో తెలియదు. నేను వెళ్లి తొమ్మిది ఇళ్లూ చూసి వచ్చాను. అలికిన నేల, కడిగిన బిందెలు, ఒకటి రెండు ఇళ్లలో టీవీలు. ఊళ్లో నేను రాసిన కొన్ని డాబాలకంటే శుభ్రంగా ఉన్నాయి. జాబితాలో చివర రెండు పంక్తుల్లో వాటిని రాశాను.

కమిటీ మీటింగు షావుకారుగారి షెడ్డులోనే. ఒక చివర మేం ఏడెనిమిది మంది కుర్చీల్లో, రెండో చివర ఆడవాళ్లు కాయల గుట్ట చుట్టూ కూర్చుని పనిలో. సీజన్లో మీటింగు కోసం పని ఆగదు. షావుకారుగారు జాబితా పైకి చదువుతూ చివరికొచ్చి ఆగారు.

"తూర్పు గోడ వరుస, తొమ్మిది ఇళ్లు, రెండు జట్లు. ఏమండీ, ఇది మనం తీసేద్దామనుకున్నది కదా?"

"ఇళ్లు తక్కువ పడ్డాయండీ. వీళ్లు ఇస్తామన్నారు, రాశాను" అన్నాను.

ఎరువుల కొట్టాయన, "రేకుల కింద పిల్లలు ఉడికిపోతారండీ" అన్నాడు.

ఆ చివరి నుంచి మేస్త్రమ్మ గొంతు వినిపించింది. కాయలు ఏరడం ఆపలేదు. "మీ డాబాలో ఉడకనివాళ్లు మా ఇంట్లోనూ ఉడకరండీ. ఓసారి వచ్చి మధ్యాహ్నం పడుకుని చూడండి."

ఆడవాళ్లు నవ్వారు. ఎరువుల కొట్టాయన కూడా నవ్వక తప్పలేదు.

షావుకారుగారు కుర్చీ అటు తిప్పారు. "మరి గ్యాలరీ ఎక్కడ వేయించమంటావు మేస్త్రమ్మా, నా నెత్తి మీదా?"

"ఉత్తరం వైపు జాగా ఉంది కదండీ."

"అక్కడ నా లారీలు ఆగుతాయి. సీజన్లో లారీలు ఎక్కడ పెట్టుకోను?"

"లారీలు రోడ్డు మీద పడుకుంటాయండీ. మేం పడుకోలేం."

ఆవిడ ఒక కాయని మచ్చ చూసి పక్క ట్రేలో వేసి, అదే గొంతుతో అంది: "షావుకారుగారూ, ఇన్నేళ్లుగా ఇన్ని తోటలు గుత్తకి తీసుకున్నారు. ఏ తోటలోనన్నా ఇంటి చెట్టు కోశారా?"

మా వైపు తోట మొత్తం గుత్తకిచ్చినా రైతు ఒక చెట్టో రెండో తన ఇంటి కోసం విడిచిపెట్టుకుంటాడు. ఒప్పందం రాసుకున్నా రాసుకోకపోయినా ఆ చెట్టు జోలికి ఏ షావుకారూ వెళ్లడు. దాని కాయ ఎంత బాగున్నా, బజారులో ధర ఎంత పలుకుతున్నా అంతే. వెళ్తే మళ్లీ ఏడాది ఆ ఊళ్లో ఆయనకి తోట పుట్టదు.

"నేనెందుకు కోస్తాను" అన్నారాయన, కొంచెం కోపంగా.

"కొయ్యరు. తెలుసండీ. గ్రౌండంతా ఆటలకి తీసుకోండి. ఎవరు కాదన్నారు? ఈ తొమ్మిదీ ఇంటి చెట్లనుకుని విడిచిపెట్టండి."

షావుకారుగారు జాబితా నా చేతికిచ్చారు. "రాయండి. ఆటలయ్యేదాకా ఉంటారు. తర్వాత సంగతి తర్వాత" అన్నారు. నేను ఆ మూడు వాక్యాల్లో మొదటిదే, తూర్పు వరుసతో సహా జాబితా ఖాయమని, మినిట్స్‌లో రాశాను. మిగతా రెండూ తీర్మానాలు కాదు, మాటలు. ఎడిటింగు నేర్పిన చదువు ఒకసారన్నా ఇలా పనికొచ్చింది.

జాబితా పోలీసు స్టేషనుకి వెళ్లాక అనుకోనిది జరిగింది. ఆడపిల్లలు ఉండే ఇళ్లకి బందోబస్తు వెయ్యాలి. బీటు పుస్తకంలో ఇంటి నంబరు ఉండాలి. ఈ తొమ్మిదింటికీ నంబర్లు లేవు. నంబరు లేని ఇంట్లో పిల్లల్ని ఉంచడానికి ఒప్పుకోనని మహిళా ఎస్సై గట్టిగా చెప్పింది. కమిటీకి వేరే ఇళ్లు వెతికే ఓపిక లేదు. షావుకారుగారే మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేశారు. మర్నాడు ఒకతను రంగు డబ్బా, అచ్చు రేకు పట్టుకుని వచ్చి తొమ్మిది గుమ్మాల మీదా నంబర్లు వేశాడు. మేస్త్రమ్మ అతని పక్కనే నిలబడి, "కొంచెం పైకి వెయ్యి నాయనా, వాన జల్లు పడుద్ది అక్కడ" అని చెప్పి వేయించింది. అప్పుడు మేమెవరం దాన్ని అంత పెద్ద విషయం అనుకోలేదు.

పిల్లలు వచ్చారు. వరుసలో దిగిన రెండు జట్లలో ఒకటి రాయలసీమ వైపుది. మేస్త్రమ్మ ఇంట్లో ముగ్గురు దిగారు. అందులో ఒక పిల్ల ఆ జట్టుకి ముఖ్యమైన రైడర్. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేది. వచ్చిన గంటకే మేస్త్రమ్మని పెద్దమ్మా అనడం మొదలుపెట్టింది.

తర్వాత మా ఊరు చెయ్యవలసిన పొరపాటే చేసింది. మా దగ్గర ఇంటికి వచ్చిన మనిషికి సీజన్లో మంచినీళ్ల కంటే ముందు పండు ఇస్తాం. ఒకటి తిని లేస్తే పండు బాగాలేదేమోనని మనసు నొచ్చుకుంటాం. చిన్న రసాలు చేత్తో పిసికి, తొడిమ తీసి నోట్లో పెట్టుకుంటే ఎన్ని తిన్నామో లెక్క ఉండదు. ఒక్కో ఇంటి నుంచీ ఆ వరుసకి పళ్లు వెళ్లాయి. మా ఆవిడ కూడా ఒక ట్రే పంపింది. కబడ్డీలో జట్టు మొదటి ఆటకి ముందు ఒక్కొక్కరినీ కాటా ఎక్కిస్తారని, బరువుకి పెట్టిన గీత దాటితే ఆడనివ్వరని మాకు తెలియదు. మాకు తెలిసిన కాటాల మీద బరువు ఎక్కువ తూగితే సంతోషిస్తాం.

రేపు బరువు చూస్తారనగా కోచ్ తన దగ్గరున్న మిషను మీద పిల్లల్ని నిలబెట్టింది. ఆ రైడర్ పిల్ల ఆరువందల గ్రాములు ఎక్కువ వచ్చింది. ఇంకొక పిల్ల సరిగ్గా గీత మీద ఉంది. నేను మంచినీళ్ల ట్యాంకరు సంగతి చూడడానికి అప్పుడే అక్కడికి వెళ్లాను.

"ఎవరు పెట్టినారు ఈ పిల్లకి ఇన్ని పండ్లు?" అని కోచ్ అడుగుతోంది.

"నేనేనండి మేడమ్" అంది మేస్త్రమ్మ.

"ఎన్ని?"

"లెక్కపెట్టి పెడతామా అండీ పిల్లలకి?"

"అయితే రేపు ఆ లెక్క నేను చెప్పుకోవల్ల. ఇంక ఈడ పెట్టను పిల్లోళ్లని. హనుమాన్ జంక్షన్‌లో లాడ్జి చూసుకుంటా" అంది కోచ్.

మేస్త్రమ్మ గోడ వైపు చూసింది. గోడ అవతల గ్యాలరీ కోసం తెచ్చిన ఇనప గొట్టాలు ఇంకా సగం లారీలోనే ఉన్నాయి. ఉత్తరానికి మార్చిన గ్యాలరీ పని నెమ్మదిగా సాగుతోంది. ఈ వరుస ఒక్క రోజు ఖాళీ అయితే ఆ గొట్టాలు ఎటు దిగుతాయో అక్కడున్న అందరికీ తెలుసు.

"కాయకి గ్రేడు ఉంటది గానీ మనుషులకి కూడా ఉంటదని నాకు తెలీదండీ" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అంది. కోచ్ మొహంలో కొంచెం బిగువు తగ్గింది. "ఎక్కించింది నేనే, దించేది కూడా నేనే. రేపటిదాకా చూడండి. దిగకపోతే మీ బ్యాగులు నేనే మోసుకొచ్చి బస్సెక్కిస్తాను."

ఆ పిల్ల మధ్యలో, "నేనే అడిగి తిన్న్యా మేడమ్. పెద్దమ్మ తప్పేం ల్యా" అంది. అంతవరకూ ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఎవరూ వినలేదట.

కోచ్ ఒక పూట ఆగింది. ఇక ఆ రోజు ఊరంతా మామిడిపళ్లు దాచుకోవడం నా కళ్లతో చూశాను. వరుసలో ఉన్న ట్రేలన్నీ ఎత్తి మా ఇంట్లో పెట్టారు. వాసన బయటికి రాకుండా మా ఆవిడ తలుపు కింద గోనెపట్టా దోపింది. రైతు భార్య ఒకావిడ తెలియక బుట్ట పట్టుకుని వస్తే, వీధి మలుపులోనే ఆపి వెనక్కి పంపారు. "పళ్లు పెట్టొద్దని అడుక్కునే రోజు వచ్చింది మన ఊరికి" అని ఆవిడ గొణుక్కుంటూ వెళ్లింది. మేస్త్రమ్మ ఆ పిల్లకి కోచ్ చెప్పినట్టు పలచని రాగిజావ, మజ్జిగ ఇచ్చింది. సాయంత్రం, మళ్లీ తెల్లవారాక, వరుసలోని ఆడవాళ్లతో కలిసి తోటల దాకా నడిపించి తీసుకొచ్చింది. నడిచినంత సేపూ ఆ ఆడవాళ్లు చెట్ల మీది కాయల్ని చూపించి, "అటు చూడకే" అని ఆ పిల్లని ఏడిపించారట.

పొద్దున కాటా దగ్గర నేను కూడా ఉన్నాను. ఆ పిల్ల చెప్పులు, జడకున్న రబ్బరు బ్యాండు కూడా తీసేసి ఎక్కింది. అంపైరు చూసి, రాసుకుని, తర్వాతి పిల్లని పిలిచాడు. అంతే. గీతకి ఎంత కిందుందో నాకు కనపడలేదు. తాడు కట్టిన చోటుకి ఇవతల మేస్త్రమ్మ నిలబడి ఉంది. పిల్ల తల ఊపింది. ఆవిడ పనికి వెళ్లిపోయింది. అప్పటికే అరగంట ఆలస్యమైందట.

ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లి ఓడింది. ఉత్తరం వైపు గ్యాలరీ నిండిపోయింది. లారీలు ఆ వారమంతా రోడ్డు పక్కనే ఆగాయి. ఆ వరుస ఆడవాళ్లు పని నుంచి వస్తూ ప్రహరీ గోడ మీదుగా చూసేవాళ్లు. గోడ వాళ్ల వంటింటి గోడ కాబట్టి, ఊళ్లో అందరికంటే వాళ్లకే ఆట బాగా కనపడేది.

ఓడిన రోజు సాయంత్రం ట్రేలన్నీ మా ఇంటి నుంచి వెనక్కి వెళ్లాయి. పిల్లలు నేల మీద కూర్చుని మోచేతుల దాకా రసం కారుతుంటే తిన్నారు. కోచ్ కూడా తింది. షావుకారుగారు జట్టుకి వీడ్కోలు చెప్పడానికి వచ్చి, మంచం మీద కూర్చుని, తనకిచ్చిన పండు చూసి, "ఇది నా షెడ్డు కాయేనా?" అన్నారు.

"మీ గ్రేడింగులో తీసేసిందేనండి. తోలు మీద మచ్చ ఉంది" అంది మేస్త్రమ్మ.

ఆయన తిన్నారు. ఇంకొకటి అడిగి తిన్నారు. కోచ్ ఆయనతో, "మళ్లా ఈ ఊర్లో ఆటలు పెడితే మా పిల్లోళ్లు ఈడనే ఉంటారు సార్, ఇంకెక్కడికీ పోము" అంది. ఆయన చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగారు.

జూన్‌లో, వానలు మొదలయ్యాక, గ్రౌండుని పర్మనెంటు స్టేడియం చెయ్యాలన్న మాట వచ్చింది. పోటీలు బాగా జరిగిన ఊరికి ఆ ఆశ రావడం మామూలే. టేపు పట్టుకుని సర్వేయరు వచ్చాడు. తూర్పు గోడ దగ్గర ఆగి, ఈ ఇళ్ల సంగతేంటని షావుకారుగారిని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన ఏమంటారోనని చూస్తున్నాను. "గుమ్మాల మీద నంబర్లున్నాయి కదండీ. నన్నెందుకు అడుగుతారు, ఆఫీసులో అడగండి" అన్నారు. ఆ ఇళ్లని కాపాడతానని ఆయన ఎప్పుడూ మాటివ్వలేదు. ఆ రోజు తీసెయ్యమని ఒక్క మాట అని ఉంటే ఆ ఇళ్ల పని అయిపోయేది. అనలేదు. అందుకు నేను ఆయనకి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. సర్వేయరు తన పుస్తకంలో తొమ్మిది ఇళ్లూ నంబర్లతో సహా ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత వరుస ముందు మురుగు కాలవ తవ్వినప్పుడు చివరి ఇంటి ముందు పందిరి పోయింది. ఇల్లు నిలిచింది.

ఈ ఏడు కాయలు గడ్డిలో వేసే రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మేస్త్రమ్మ మా ఇంటికి వచ్చింది. ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. బిల్ కలెక్టర్ ఇచ్చి వెళ్లాడట. వరుసలో అందరికీ ఒక్కొక్కటి వచ్చిందట. చదివిపెట్టమంది.

ఇంటి పన్ను కట్టమని మున్సిపాలిటీ పంపిన నోటీసు. ఆ ఇంటికి మొదటిసారి వచ్చింది. ఎవరికి వచ్చినా ఊళ్లో అందరూ ఒక తిట్టు తిట్టి అద్దం వెనక దోపేసే కాగితం. నేను మొదటి నుంచి చదివాను. ఇంటి నంబరు, ఆవిడ పేరు, తండ్రి పేరు కాదు, భర్త పేరు కాదు, ఆవిడ పేరే. కింద చిన్న అక్షరాల్లో, ఈ పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు అని కూడా ఉంది. అది కూడా చదివాను. చదవకుండా దాటెయ్యాలనిపించింది గానీ, దాటెయ్యడాలు చాలనుకున్నాను.

"స్థలం సంగతి తర్వాత చూద్దాంలెండి. ఇల్లు ఉందని రాశారా లేదా?" అంది.

"రాశారమ్మా. రేకుల ఇల్లు, రెండు గదులు అని ఉంది."

"ఎప్పటిలోగా కట్టాలి?"

చెప్పాను. ఇంకా చాలా గడువుంది.

"రేపే కట్టేస్తాం, తొమ్మిదిమందిమీ కలిసి వెళ్లి" అంది.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "పన్ను కట్టమంటే ఇంత సంబరపడేదాన్ని నిన్నే చూశానే" అంది.

మేస్త్రమ్మ నవ్వి గడప మీద కూర్చుంది. నోటీసు తను పట్టుకోకుండా నా చేతిలోనే ఉంచింది.

"ఆ ఇల్లు ఉందన్న ముక్క ఇంకోసారి చదవండి బాబాయిగారూ. కొంచెం నెమ్మదిగా చదవండి."

మళ్లీ చదివాను.